గుడ్లు ఆపే సూది

పక్షుల వైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నాకు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. రిటైరైన మనిషిని, ఎప్పుడు చేసినా ఎత్తుతానని వాళ్ళకు తెలుసు. అడిగేది చాలావరకు ఒకటే. "మేడమ్, కాకటీల్ ఆగకుండా గుడ్లు పెడుతోంది. హార్మోన్ ఇంజెక్షన్ ఎంత ఇవ్వమంటారు?" బరువు ఎంతో కనుక్కుని ఎంత ఇవ్వాలో చెబుతాను. ఆ తర్వాత నేనొకటి అడుగుతాను. "ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" పెద్దావిడకు చాదస్తం పట్టుకుంది అనుకుంటారు కాబోలు.

ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇవాళ చెబుతాను.

సగం జీవితం ప్రభుత్వ పశువైద్యశాలల్లో గేదెలతో, గొర్రెలతో గడిపాక చివరి ఏళ్ళు మదీనాగూడలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేశాను. ముంబై హైవే మీది పెద్ద బట్టల షాపుల వెనక సందులో రెండు గదుల క్లినిక్. దాన్ని నడిపే డాక్టరు నాకంటే బాగా చిన్నవాడు. కుక్కలు, పిల్లులు ఆయనవి; పక్షులు నావి. ఆయన బాలానగర్ కార్ఖానాల్లో లేత్ మిషన్ల చప్పుడు మధ్య పెరిగినవాడు. ఏది చెడినా ముందు దాన్ని నడిపించాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు అనేది ఆయన పద్ధతి. మాకు సాయంగా జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. అందరం అక్క అనేవాళ్ళం. నోరు పెద్దది, చెయ్యి మెత్తన.

నేను అప్పటికే ఒంటరిదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. నాతో ఉన్న మా పెద్దక్క పోయాక ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. క్లినిక్ మూసేవరకు ఏమీ అనిపించేది కాదు.

ఆఫీసులన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయిన కాలం అది. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఖాళీగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం సెక్యూరిటీ యూనిఫారంలో ఉన్న ఒకాయన వాటర్ బాటిళ్ళ అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని లోపలికొచ్చాడు. నలభై దాటిన మనిషి. చెమట కారుతోంది.

"మేడమ్, జర సూడుండ్రి. పొద్దుగాల్నుంచి గిట్లనే కూసుంది. లేస్తలేదు."

పెట్టె అడుగున కాకటీల్. మన రామచిలుక కంటే చిన్నది, బూడిద రంగు ఒళ్ళు, నెత్తిమీద నిక్కపొడుచుకునే జుట్టు, బుగ్గల మీద నారింజ చుక్క. విదేశీ జాతి, పెంచుకోవడానికి అమ్ముతారు. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, ప్రతి ఊపిరికీ తోక ఊపుతోంది. పొట్ట కింద వేలు పెట్టగానే తెలిసింది. గుడ్డు అడ్డం పడింది. బయటికి నెట్టే బలం దానిలో మిగల్లేదు.

వెచ్చగా పెట్టాం. కాల్షియం ఇచ్చాం, ఒంట్లోకి నీళ్ళు ఎక్కించాం. ఇక చేయగలిగింది ఎదురుచూడటమే. ఆయన వరండా బెంచీ మీద టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేరే కేసులు వచ్చాయి, పోయాయి. ఆయన కదల్లేదు. పొద్దుగూకే వేళకు అక్క లోపలినుంచి కేక వేసింది, "మేడమ్, ఏసింది!" గుడ్డు పెంకు పలచగా, తడి కాగితంలా ఉంది. ఒంట్లోని సున్నమంతా ఇదివరకటి గుడ్లకే అయిపోయింది.

ఆయన లోపలికొచ్చి పక్షినీ, గుడ్డునీ మార్చి మార్చి చూశాడు. "శానా పెట్టింది మేడమ్ ఇంతకుముందు గూడ. పెడుతనే ఉంటది. ఒక్కటి అడగాల్నా? మగపిట్ట లేకుంట గుడ్డెట్ల పెడతది?"

"మగపిట్ట ఉందనుకుంటోందండి."

"యాడుంది?"

"మీరే."

అక్క పకాలున నవ్వింది. ఆయన నవ్వలేదు. అది చూసి అక్క కూడా ఆపేసి దూది డబ్బా సర్దుకుంది.

"బిడ్డా, బిడ్డా అని పిలుస్త మేడమ్ నేను. గదేమో నన్ను మొగుడనుకుంటుందా?"

వివరించాను. చిలకజాతి పక్షులు జతను చూసుకుని బతుకుతాయి. తోటి పక్షి లేకపోతే ఎదురుగా ఉన్న మనిషినే జతగా ఎంచుకుంటాయి. మనం ప్రేమగా వీపు నిమిరితే, నోటి దగ్గర ముద్ద పెడితే, దాని లెక్కలో అది కాపురం. కాపురం అంటే గుడ్లు. విని ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

తర్వాత కొంచెం కొంచెంగా ఆయన సంగతి తెలిసింది. నాగర్‌కర్నూల్ వైపు మనిషి. భార్య ఎప్పుడో విడిపోయి వేరే పెళ్ళి చేసుకుంది. పిల్లలు లేరు. మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్‌కు కాపలా. అదివరకు వేలమంది వచ్చిపోయే చోట ఇప్పుడు ఆయన, గేటు దగ్గర ఇంకొకరు. రాత్రి డ్యూటీలో గేటు మనిషి గేటు వదలకూడదు, ఈయన లోపలి కంట్రోల్ రూమ్ వదలకూడదు. పగళ్ళు కూడా ఈయన చాలావరకు అక్కడే ఉండిపోయేవాడు. ఒకరోజు ఎక్కడో పంజరం తప్పించుకున్న ఈ పక్షి లాబీ అద్దానికి కొట్టుకుని పడిందట. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నిట్లో అడిగాడు. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించాడు. ఎవరూ రాలేదు.

"వచ్చుంటే ఇచ్చేసెటోన్నే మేడమ్. మొదట్ల అయితే ఇచ్చేసెటోన్ని," అన్నాడు.

కాల్షియంతో, తిండి మార్పుతో కొన్నాళ్ళు చూశాం. మళ్ళీ గుడ్లు. మళ్ళీ అడ్డంపడితే ఈసారి బతకదని నాకు తెలుసు. హార్మోన్ సూది వేయక తప్పదనుకున్నాను.

ఇక్కడ మా డాక్టరుకు, నాకు మొదటిసారి మాటా మాటా వచ్చింది. అలమరలో ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా వేసే పాతరకం సూది ఉంది. ఒకప్పుడు పక్షులకు అందరూ అదే వేసేవారు. ఒక్క సూదితో నెలల తరబడి గుడ్లు ఆగిపోయేవి. ఆయన దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"పని చేస్తది కదా మేడమ్."

"పని చేస్తుంది. దానితోపాటు కాలేయం మీద కొవ్వు పేరుస్తుంది. అలా పోయిన పక్షులను చూశానండి. ఉబ్బిపోయి, ఎంత తాగినా దాహం తీరక నీళ్ళగిన్నె దగ్గరే కూర్చునేవి. ఒంట్లోకి వెళ్ళాక వెనక్కి తీయలేం."

"అన్నిటికీ అట్లా కాలేదు."

"ఏ పక్షికి అవుతుందో ముందే చెప్పగలరా?"

ఆయన దాన్ని తిరిగి అలమరలో పెట్టేశాడు. నేను వాడదలచుకున్నది వేరే రకం. గుడ్లు పెట్టమని మెదడు నుంచి వెళ్ళే కబురును కొన్ని వారాలు ఆపుతుంది. అదీ మనుషులకోసం తయారైన మందే. పక్షి బరువును గ్రాముల్లో తూచి, దానికి తగ్గట్టు చిన్న చిన్న భాగాలు చేసుకోవాలి. ఇది పక్షుల కోసం అనుమతి పొందిన మందు కాదని యజమానికి ముందే చెప్పాలి. వేసిన తర్వాత బరువు, రెట్ట, తిండి గమనిస్తూ ఉండాలి. అదేమీ తెలియకుండా వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక చెబుతున్నాను.

సూది వేశాం. గుడ్లు ఆగాయి. పక్షి కళ్ళలోకి మెరుపు వచ్చింది. కాపలాదారు పెట్టె మూత తెరిచి చూపిస్తూ, "ఫికర్ లేదిగ మేడమ్," అని సంబరపడ్డాడు.

నెల తిరగ్గానే మళ్ళీ గుడ్డు. మళ్ళీ సూది. ఈసారి నెల కూడా పట్టలేదు. మందు దోషమా, లెక్క దోషమా అని పుస్తకాలు తిరగేశాను. ఆయన్ని అడిగినవన్నీ మళ్ళీ అడిగాను. చెప్పినవన్నీ చేస్తున్నాననే అన్నాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. చివరికి ఒక ఆదివారం, "మీ పక్షి ఉండే చోటు ఒకసారి చూస్తానండి," అన్నాను.

ఆ భవనంలో అడుగుపెట్టినప్పుడు నాకు మొదట వినపడింది నా చెప్పుల చప్పుడే. లాబీలో సోఫాలకు ప్లాస్టిక్ కప్పారు. కంట్రోల్ రూమ్ లోపలివైపు ఉంది, కిటికీ లేదు. గోడంతా కెమెరాల తెరలు. ఖాళీ కారిడార్లు, ఖాళీ మెట్లు, ఖాళీ కార్ పార్కింగు. పైకప్పు నిండా ట్యూబ్‌లైట్లు. పక్షి ఆయన కుర్చీ వీపు మీద నిలబడి మమ్మల్ని చూసి ఈల వేసింది.

"ఈ లైట్లు ఎప్పుడు ఆర్పుతారండి?"

"ఆర్పొద్దు మేడమ్. రూలు. ఇరవై నాలుగ్గంటలు."

"మరి ఇది ఎప్పుడు నిద్రపోతుంది?"

ఆయన ఆలోచించాడు. "పోతది... నాతోటే, కునుకు తీస్తది."

అదీ సంగతి. పొద్దు పెరిగితే పక్షికి గుడ్లు పెట్టే కాలం వచ్చినట్టు. ఆ గదిలో పొద్దు కుంకేదే కాదు. పైగా బల్ల కింద సగం తెరిచిన సొరుగు ఉంది. చీకటిగా, ఇరుకుగా, చింపిన కాగితాలతో మెత్తగా. ఆ కాగితాలు అదే చింపుకుని పరుచుకుంది. పొద్దున్నే ఆయన టిఫిన్ గిన్నెలోంచి వేడి అన్నం వేలితో తినిపిస్తాడు. కాన్పుకు కావలసిన ఏర్పాట్లన్నీ చేసిపెట్టి మధ్యలో మేం సూదులు వేస్తున్నాం.

ఆయనకు చెప్పాను. సొరుగు మూసేయాలి. చేతి ముద్దలు మానాలి. సాయంత్రం అవగానే చీకటి గదిలో, పంజరం మీద దుప్పటి కప్పి పడుకోబెట్టాలి. తెల్లారేదాకా తీయకూడదు. ఇంకొకటి కూడా చెప్పాను.

"కొన్నాళ్ళు అసలు ముట్టుకోకండి."

"అస్సలా?"

"మామూలుగా అయితే తల మీద గోకితే ఫర్వాలేదంటాం. కానీ మీ చెయ్యి తల దగ్గర ఆగదండి. భుజం మీదికి ఎక్కించుకోవద్దు. పిలిస్తే పలకవద్దు. పగలు దూరం నుంచి మాట్లాడండి, చాలు."

ఆయన తెరల వైపు చూశాడు. ఏ తెరలోనూ ఏదీ కదలడం లేదు. "రాత్రి పూటనే మేడమ్ నాకు దానితోని పని," అన్నాడు. అని, వెంటనే తలూపాడు. "సరే. జేస్త."

మూడో అంతస్తులో పసిపిల్లల తల్లులు పాలిచ్చుకోవడానికి కట్టిన చిన్న గది ఒకటి ఉంది. కిటికీ లేదు, తలుపు మెత్తగా పడుతుంది. ఆఫీసు మూతపడ్డాక ఎవరూ తెరవలేదు. పంజరం అక్కడికి మారింది.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. "మేడమ్, పిలుస్తుంది. ఇంటున్నరా?" ఫోన్ తలుపుకు ఆనించినట్టున్నాడు. దూరంగా, సన్నగా, ఆగి ఆగి ఈల.

"వెళ్ళకండి."

"ఒక్కసారి మొఖం సూపించొస్తే?"

"ఒక్కసారి వెళ్తే, అరిస్తే వస్తారని నేర్చుకుంటుంది. రేపు ఇంకా ఎక్కువ పిలుస్తుంది."

"సరే మేడమ్." కానీ ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఈల ఆగేదాకా ఏదో ఒకటి మాట్లాడుకున్నాం. మర్నాడూ అంతే. అలా కొన్ని వారాలు. చీకటి పడుతుండగా ఫోన్ మోగేది. మొదటి రెండు మాటలు పక్షి గురించి, తర్వాత ఏవేవో. ఏ అంతస్తులో ఏ కుళాయి కారుతోందో చెప్పేవాడు. బల్లల మీద వదిలేసి వెళ్ళిన మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడట. ఒకమ్మాయి కుర్చీకి చున్నీ వదిలేసి వెళ్ళిందని, దుమ్ము పడుతోందని మడిచి సొరుగులో పెట్టానని చెప్పాడు. నేను ఏం వండుకున్నానో అడిగేవాడు. చాలా రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న కావడంతో, ఏదో ఒకటి చెప్పుకోవడానికైనా కూర వండుకోవడం మొదలుపెట్టాను.

పక్షి కుదుటపడింది. ఈకలు రాలి కొత్తవి వచ్చాయి, బరువు నిలబడింది, గుడ్లు లేవు. సూది మళ్ళీ అవసరం పడలేదు. దుప్పటి కప్పగానే పడుకోవడం అలవాటైంది. అది పిలవడం మానేశాక ఆయన ఫోన్లూ తగ్గాయి. వైద్యం పనిచేస్తోందనడానికి అంతకంటే గుర్తు ఏం కావాలి? డాక్టరుగా సంతోషించాను. చీకటి పడే వేళకు మాత్రం ఫోన్ పక్కనే పెట్టుకుని వంటగదిలో ఊరికే నిలబడి ఉండేదాన్ని.

తర్వాత ఆఫీసులు తెరుచుకున్నాయి. మాదాపూర్ మెట్రో మెట్ల మీద మళ్ళీ మెడలో ట్యాగులు, భుజాన బ్యాగులు. ఒకరోజు ఉదయం ఆయన ఈసారి పంజరంతో వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

పాలిచ్చే గది తల్లులకు కావలసివచ్చింది. మేనేజరు పక్షిని చూశాడు. మందలించలేదట, ఫోటో కూడా తీసుకున్నాడట. కానీ వెంటనే తీసేయమన్నాడు. ఆయన ఉండేది కొండాపూర్ వెనక కిరాయి గదిలో. ఆరుగురు కాపలావాళ్ళు వంతులవారీగా పడుకునే గది. ఎప్పుడూ ఒకరు వస్తుంటారు, ఒకరు పోతుంటారు. లైటు ఆరదు, టీవీ ఆగదు.

"అందుకే వచ్చిన మేడమ్. మళ్ల సూది ఎయ్యుండ్రి. గుడ్లు మొత్తానికే పెట్టకుంట. లైటున్నా ఏమున్నా పెట్టకుంట. నా తాననే ఉంటదిగ."

నా దగ్గరి మందు అయిపోయింది. తెప్పించినా, ఆ గదిలో అది నెలకోసారి వేసుకుంటూ పోవలసిందే, వేసేకొద్దీ త్వరగా తేలిపోతుంది. అది ఇదివరకే చూశాం. ఆ మాట చెబుతుండగా మా డాక్టరు, "మేడమ్, ఒక్కమాట," అని నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. చేతిలో పాత సూది మందు ఉంది.

"ఇది ఒక్కసారి వేస్తే చాలారోజులు ఆగుతది. మీకు ఇష్టం లేదని తెలుసు. అయినా వినండి. ఆయనకు ఆ పిట్ట తప్ప ఎవరున్నరు? మనం వేస్తే ఆయన దగ్గర ఉంటది. లేకుంటే పోతది. మీరు పక్షినే చూస్తున్నరు."

"నేను పక్షి డాక్టర్నండీ."

"నేనూ డాక్టర్నే మేడమ్. దాన్ని పట్టుకొచ్చిన మనిషి ఎదురుగా ఉంటే చూడకుండా ఎట్లా?"

ఆయన మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. చివరికి, "ఆయన్నే అడుగుదాం. అంతా చెప్పి అడుగుదాం," అన్నాను. దానికి మా డాక్టరు ఒప్పుకున్నాడు.

ఇద్దరం బయటికొచ్చి చెప్పాం. ఆయన పాత సూది లాభం చెప్పాడు, నేను నష్టం చెప్పాను. విని, కాపలాదారు నన్ను అడిగాడు. "ఆ సూది ఏస్తె సచ్చిపోతదా మేడమ్?"

పోతుంది అంటే ఆ క్షణంలో నా మాట నెగ్గేది. "పోకపోవచ్చండి. చాలావాటికి ఏమీ కాలేదు. కొన్నిటికి అయింది. దీనికి ఏమవుతుందో నాకు తెలియదు."

"లైటు, టీవీ, నిద్ర లేకుంటుండుడు? దానికేమన్న సూదుందా?"

మా డాక్టరు తల దించుకుని, "లేదన్నా," అన్నాడు.

కాపలాదారు పంజరం పక్కన నేలమీద కూర్చున్నాడు. పక్షి ఊచల దగ్గరికి జరిగి తల వంచింది. ఆయన చేతులు కట్టుకున్నాడు. తలెత్తి నావైపు చూశాడు.

"మీరుంచుకుంటరా మేడమ్? మీ ఇంట్ల చీకటుంటది గద."

ఉంటుంది. పొద్దుగూకితే నా ఇంట్లో చీకటి, నిశ్శబ్దం, కావలసినంత. ఉంచుకుంటాను అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క క్షణంలోనే, బాల్కనీ పక్కన పంజరం ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించేశాను. ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతుందో కూడా కనిపించింది. నేనొక్కదాన్ని, అదొక్కటి. ఆర్నెల్లలో దాని జత నేనవుతాను. ఇంకెవరో నాకు ఫోన్‌లో, ముట్టుకోకండి మేడమ్ అని చెప్పవలసివస్తుంది.

"నా దగ్గర కూడా ఒంటరిగానే ఉంటుందండి," అన్నాను. "దానికి కావలసింది వేరే పక్షులు."

మదీనాగూడలోనే రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు. గుడివాడ దగ్గరివారు, మా క్లినిక్‌కు పాతకాలం నుంచి వస్తారు. దంపతులిద్దరూ పెద్ద బాల్కనీకి వల కట్టి కాకటీళ్ళ గుంపును పెంచుతున్నారు. సాయంత్రం అయితే తెర దించేస్తారు. గుడ్లు పెట్టే పెట్టెలు పెట్టరు. ఆయనకు ఫోన్ చేస్తే, "అయ్యో, తీసుకురండి డాక్టరుగారూ, ఇంతమందిలో అదొకటి బరువా!" అన్నారు.

అప్పుడు, మెదడు కబురును ఆపే ఆ రెండో రకం మందును తెప్పించి ఒక్కసారి వేశాను. కొత్త గుంపు, మగపక్షులు. దాని ఒంట్లో మళ్ళీ గుడ్ల తొందర పుట్టకుండా, అలవాటు పడేదాకా కొన్ని వారాల నెమ్మది. సూదికి అంతవరకే పని ఇవ్వాలని నా నమ్మకం. రోగాలేవీ అంటించదని తేలేదాకా దాన్ని క్లినిక్ వెనకగదిలో విడిగా ఉంచాం. రోజూ వచ్చి చూడవచ్చునని కాపలాదారుకు చెప్పాను. ఒక్కరోజే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడని అక్క చెప్పింది. చెబుతూ ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మస్తు పరేషాన్ల ఉన్నడు మేడమ్. చాయ్ తాగమన్నా తాగలే."

వలలోకి వదిలే రోజున కూడా ఆయన రాలేదు. డ్యూటీ అన్నాడు. నేనూ, అక్కా వదిలాం. మొదట ఒక మూల నక్కింది. మూడోనాటికి ఇంకో ఆడపక్షి పక్కన కూర్చుందని బ్యాంకు ఆయన ఫోన్ చేసి చెప్పారు. ఆ సంగతి కాపలాదారుకు చెప్పాలని ఫోన్ చేశాను. "మంచిదే గద మేడమ్," అని పెట్టేశాడు.

వానలు తగ్గాక, నేను క్లినిక్ మానేసే నెలలో, ఆయనే ఫోన్ చేశాడు. "ఒక్కసారి సూడొస్తదా మేడమ్? ముట్టుకోను." ఇద్దరం కలిసి వెళ్ళాం. యూనిఫారం లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్ళ కవరు, ఆ ఇంటివాళ్ళకు.

"రండి రండి, కాఫీ పెడుతోంది మా ఆవిడ," అంటూ బ్యాంకు ఆయన మమ్మల్ని బాల్కనీ గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్ళారు. వల వెనక బూడిదరంగు పక్షులు. కొన్ని తింటున్నాయి, కొన్ని ఒకదాని మెడ ఒకటి సర్దుతున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు.

"ఏది మేడమ్ మనది?"

నాకూ వెంటనే తెలియలేదు. ఆయన మెల్లగా ఈల వేశాడు. నాలుగైదు తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. వాటిలో ఒకటి కొమ్మ దిగి, వల పట్టుకుని పక్కగా అడుగులు వేసుకుంటూ వచ్చింది. ఒక కంటితో ఆయన్ని చూసింది. చూసి, గోకమన్నట్టు తల వంచి వలకు ఆనించింది.

ఆయన చెయ్యి పైకి లేచింది. లేచి, ఆగింది. దాన్ని మళ్ళీ ప్యాంటు జేబులో పెట్టేసుకున్నాడు.

"వద్దు గద మేడమ్," అన్నాడు.

"ఇప్పుడు ఫర్వాలేదండీ. తల మీదైతే ఫర్వాలేదు. గోకండి."

ఆయన చెయ్యి బయటికి తీసేలోగా వెనక కొమ్మ మీదినుంచి ఇంకో పక్షి పిలిచింది. మనది తలెత్తి, ఎగిరి దాని పక్కకు వెళ్ళి కూర్చుంది. ఆయన వలకు వేలు ఆనించి ఇంకాసేపు నిలబడ్డాడు. లోపలినుంచి కాఫీ పిలుపు వచ్చింది. తాగాం. బాగుందన్నాం.

దిగేటప్పుడు లిఫ్ట్‌లో ఇద్దరమే. "పగటి డ్యూటీ అడిగిన మేడమ్. ఇచ్చిండ్రు," అన్నాడు.

"మంచిపని చేశారు," అన్నాను.

తలుపు మీద అంకెలు ఒక్కొక్కటీ తగ్గుతుంటే చూస్తూ కిందికి వచ్చేశాం.